జనరేటర్ పొగ వేడి: కరెంటు తీస్తే మేలా, నీళ్లు కాస్తే మేలా?

62.5 కేవీఏ డీజిల్ జనరేటర్ ముప్పావు లోడు మీద గంటకు పది, పదకొండు లీటర్లు తాగుతుంది. లీటరు డీజిల్‌లో ఉండేది సుమారు 10 యూనిట్ల శక్తి. అందులో మూడో వంతు కరెంటు అవుతుంది. ఇంచుమించు అంతే, అంటే 30 కిలోవాట్ల దాకా, పొగతో పోతుంది. మిగతాది రేడియేటర్ పాలు. 450 డిగ్రీల పొగను 180 దాకా చల్లారిస్తే నష్టాలు పోను 15 కిలోవాట్ల వేడి చేతికొస్తుంది. మరీ చల్లారిస్తే ఆమ్లపు చెమ్మ దిగి గొట్టాన్ని తినేస్తుంది.

ఆ వేడిని థర్మోఎలక్ట్రిక్ మాడ్యూళ్ల (ఒక వైపు వేడిగా, మరో వైపు చల్లగా ఉంటే కరెంటు ఇచ్చే పలకల) మీదుగా పంపితే ఏమొస్తుంది? బిస్మత్ టెల్యురైడ్ అనే పదార్థంతో చేసే మామూలు మాడ్యూల్ సామర్థ్యం 4, 5 శాతం. అదీ వేడి వైపు 230, చల్లని వైపు 50 డిగ్రీలు నిలిచినప్పుడు. గుంటూరు ఎండాకాలంలో ఆ వైపును చల్లబరిచే ట్యాంకు నీళ్లే 35 దాటుతాయి కాబట్టి చల్లని వైపును 50 దగ్గర ఆపడమే కష్టం. అన్నీ కుదిరినా, వేడి మొత్తం మాడ్యూళ్లలోకి పోదు కాబట్టి, దక్కేది సుమారు 500 వాట్లు. 40 మిల్లీమీటర్ల మాడ్యూల్‌కు 5 వాట్ల చొప్పున వంద మాడ్యూళ్లు కావాలి. ఒక్కోదాన్ని దాదాపు 200 కిలోల ఒత్తిడితో బిగించాలి, లేకపోతే సందుల్లోని గాలి వేడిని అడ్డుకుంటుంది. అన్నిటినీ ఒకే సిరీస్‌లో కలిపితే ఒక్కటి తెగినా లైను మొత్తం ఆగుతుంది. పైగా నీళ్ల పంపు తన వాటా తీసుకుంటుంది. ఇంత చేసి మిగిల్చేది ఏడు గంటలకు ఒక లీటరు డీజిల్.

అదే 15 కిలోవాట్లు నీళ్లకు ఇస్తే గంటకు 430 లీటర్లు 35 నుంచి 65 డిగ్రీలకు కాగుతాయి. అంత నీటిని గీజరుతో కాచాలంటే 15 యూనిట్లు, జనరేటర్ లెక్కలో నాలుగు లీటర్ల డీజిల్ పైనే. హోటలుకైనా ఆసుపత్రికైనా నిస్సందేహంగా ఇదే మేలు.

కాకపోతే బిగింపులో జాగ్రత్త ఉండాలి. పొగ వేడిని నీళ్లకు అందించే స్టెయిన్‌లెస్ గొట్టాల హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు పక్కదారి గొట్టం, పొగను అటు మళ్లించే తలుపు (డ్యాంపర్) తప్పనిసరి. నీళ్లు ఆగినప్పుడు పొగను పక్కకు మళ్లించకపోతే గొట్టాలు పొగంత వేడెక్కుతాయి, ఆ తర్వాత పడ్డ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై గొట్టాలు పగలొచ్చు. సేఫ్టీ వాల్వు లేకుండా నడపకూడదు. బోరు నీళ్లను నేరుగా పంపితే సున్నం పేరుకుంటుంది. సున్నం తీసిన మెత్తని నీటిని మూసిన చుట్టులో తిప్పి, ప్లేట్ ఎక్స్‌ఛేంజర్ (పలకల మధ్య వేడిని మార్చే పరికరం) ద్వారా వాడకం నీళ్లను కాచాలి. మసి పడితే పొగ దారి ఇరుకై ఇంజను మీద వెనక ఒత్తిడి పెరిగి ఇంజను డీజిల్ ఎక్కువ తాగుతుంది. అందుకే ఎక్స్‌ఛేంజర్‌కు ముందు మానోమీటర్ (ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టి, ఇంజను కంపెనీ ఇచ్చిన హద్దు దాటకముందే మసి గీకించాలి.

మిర్చి ఆరబెట్టే చోట నీళ్ల బదులు గాలిని 55, 60 డిగ్రీలకు వేడి చేయొచ్చు. పొగ మాత్రం కాయను తాకకూడదు. గొట్టానికి చిన్న చిల్లు పడినా సరుకుకు మసి వాసన పట్టేస్తుంది.

జనరేటర్ రోజుకు గంటో, రెండు గంటలో నడిచే చోట ఈ రెండూ వద్దు. మన ఎండకు సోలార్ వాటర్ హీటరే నయం.

మరి థర్మోఎలక్ట్రిక్ ఎక్కడ పనికొస్తుంది? కదిలే భాగం లేకుండా ఏళ్ల తరబడి కొద్దిపాటి కరెంటు కావాల్సిన చోట. 1977లో వెళ్లిన వాయేజర్ అంతరిక్ష నౌకలు ప్లుటోనియం వేడితో అలాగే నడుస్తున్నాయి. నేల మీద ఇంజనుకైతే గొట్టం మీది సెన్సారుకో, చిన్న ఫ్యానుకో చాలు. కాలేజీ ప్రాజెక్టు చేసేవాళ్లు చౌకగా దొరికే టీఈసీ1-12706 కొనకండి. అది చల్లబరచడానికి చేసిన మాడ్యూల్. చాలా రకాల్లో లోపలి సోల్డర్ 138 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, సైలెన్సర్ మీద నిమిషాల్లో పోతుంది. వేడి వైపు 250 డిగ్రీలు తట్టుకుంటుందని డేటాషీట్‌లో రాసి ఉన్న జనరేటర్ మాడ్యూలే అడగండి.