ఐదున్నరేళ్లు వాడిన నాలుగు సంపుటాల నోట్సు: ఒక విద్యార్థి సమీక్ష

2019 జూన్‌లో తెలుగు మాధ్యమంలో బి.కాం. చేరినప్పుడు, హైదరాబాదు అశోక్‌నగర్‌లోని ఒక జిరాక్సు దుకాణంలో ఈ నోట్సు కొన్నాను. భాష, సాహిత్యం, చరిత్ర, వాణిజ్యం అని నాలుగు సంపుటాలు. నాకు అప్పట్లో కావలసినవి మూడే అయినా, విడిగా అమ్మేది లేదన్నందువల్ల నాలుగూ తీసుకోక తప్పలేదు. డిగ్రీ మూడేళ్లూ, ఆ తర్వాత 2024 డిసెంబరులో జరిగిన గ్రూప్-2 పరీక్ష దాకా ఇవి నా బల్ల మీదే ఉన్నాయి. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు వీటిలో రెండింటిని వాడుతోంది. ఇంతకాలం వాడినవాటి గురించి రాసేటప్పుడు కాగితం, అచ్చు, అట్ట సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను: స్పైరల్ బైండింగ్ రెండో ఏడాదికే ఊడింది, జిరాక్సులో చిన్న అక్షరాలు కొన్ని పుటల్లో అలుక్కుపోయాయి, ముఖ్యంగా అరసున్నలూ వత్తులూ కనిపించక వ్యాకరణ భాగంలో ఇబ్బంది పడ్డాను. అంతకు మించి బాహ్యరూపం గురించి చెప్పవలసింది లేదు.

నాలుగింటిలోకీ పెట్టిన డబ్బుకు పూర్తి న్యాయం చేసింది వాణిజ్య సంపుటం. తెలుగు మాధ్యమంలో అకౌంట్లు చదివేవారికి ఉండే ప్రత్యేకమైన కష్టాన్ని దీన్ని రాసినవారు ఎరిగి రాశారని మొదటి అధ్యాయంలోనే తెలుస్తుంది. పాఠ్యపుస్తకంలో చిట్టా, ఆవర్జా, అంకణా అని చదువుకుంటాం. బయట ఏ ఆడిటరు కార్యాలయంలోకి వెళ్లినా జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అనే మాటలే వినిపిస్తాయి. ఈ నోట్సులో ప్రతి పారిభాషిక పదం పక్కనా దాని వాడుక పేరును తెలుగు లిపిలోనే ఇచ్చారు. డిగ్రీ తర్వాత కొన్ని నెలలు ఒక ఆడిటరు దగ్గర పని చేసినప్పుడు, ఆస్తి అప్పుల పట్టీ అని నేర్చుకున్నదాన్నే అక్కడ బ్యాలెన్స్ షీట్ అంటున్నారని గ్రహించడానికి నాకు ఒక్క రోజు కూడా పట్టలేదంటే, ఆ పుణ్యం ఈ సంపుటానిదే.

లెక్కలు నడిపించిన తీరు కూడా మెచ్చుకోదగినది. తరుగుదల అధ్యాయంలో లక్ష రూపాయల యంత్రాన్నే తీసుకుని, 10 శాతం చొప్పున స్థిర వాయిదాల పద్ధతిలో ఒకసారి, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మరొకసారి మూడేళ్లు పక్కపక్క గడుల్లో చూపించారు. మొదటి పద్ధతిలో ఏటా 10,000 పోయి మూడో ఏడాది చివర 70,000 మిగులుతుంది. రెండో పద్ధతిలో 10,000, 9,000, 8,100 చొప్పున పోయి 72,900 మిగులుతుంది. నిర్వచనాలు ఎన్నిసార్లు చదివినా అర్థం కానిది ఈ ఒక్క పట్టికతో అర్థమైంది. తప్పుల సవరణ అధ్యాయం ఇంకా బాగుంది. కుర్చీలూ బల్లలూ కొన్న మొత్తాన్ని ఫర్నిచర్ ఖాతాకు కాకుండా కొనుగోళ్ల ఖాతాకు రాస్తే అంకణా రెండు వైపులా సరిపోతూనే ఉంటుందనీ, సరిపోయినంత మాత్రాన లెక్కలు సరైనవని అనుకోరాదనీ ఒక ఉదాహరణతో మొదట చెప్పి, ఆ తర్వాతే, సరిపోని తేడాను తాత్కాలికంగా ఉంచే అనామతు ఖాతాలోకి తీసుకువెళ్లారు. ఈ క్రమం బోధన తెలిసినవారికే తడుతుంది.

అయితే ఇదే సంపుటంలోని వ్యాపార చట్టాల భాగం చదివేవారు జాగ్రత్తగా ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1932 నాటి భాగస్వామ్య చట్టం గురించిన పుటలు నమ్మదగినవే. కంపెనీల అధ్యాయం మాత్రం 1956 నాటి చట్టం దగ్గరే ఆగిపోయింది. ప్రైవేటు కంపెనీలో సభ్యులు 50 మందికి మించరాదని నోట్సు చెబుతుంది. 2013 చట్టం ఆ పరిమితిని 200కు పెంచింది. ఏకవ్యక్తి కంపెనీ అనే మాటే ఇందులో లేదు. ప్రైవేటు కంపెనీకి కనీసం లక్ష రూపాయల చెల్లించిన మూలధనం ఉండాలన్న నియమాన్ని 2015 సవరణ తొలగించిన తర్వాత కూడా అదే నియమాన్ని పెట్టెకట్టి మరీ అచ్చువేశారు. వినియోగదారుల రక్షణ విషయంలో 1986 చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది కాబట్టి ఆ అధ్యాయాన్ని కూడా నేను కొట్టివేసి, అంచుల్లో కొత్తగా రాసుకోవలసి వచ్చింది. నేను కొన్న నాటికి కంపెనీల చట్టం మారి ఆరేళ్లు. పేద విద్యార్థి ఈ పుటలను నమ్మి పరీక్ష రాస్తే నష్టపోయేది అతడే కాబట్టి, ఈ నిర్లక్ష్యాన్ని చిన్న లోపంగా చూడలేను.

భాషా సంపుటం గురించి రెండు మాటలు మెచ్చుకోలుగా, రెండు మాటలు అసంతృప్తితో చెప్పాలి. ఛందస్సు భాగం చక్కగా ఉంది. యమాతారాజభానసలగం అనే సూత్రంతో గణాలు నేర్పి, ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలూ పదో అక్షరం యతీ, చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలూ పదకొండో అక్షరం యతీ అని చెప్పి, వెంటనే గురులఘువులు గుర్తించడానికి పద్యపాదాలు ఇచ్చి ఖాళీలు వదిలారు. ఆ ఖాళీల వల్ల నోట్సు నా చేత పని చేయించింది. మత్తేభానికి యతిస్థానం ఒకచోట 13 అని పడింది. అది శార్దూలానిది, మత్తేభానికి 14. ఇలాంటి అచ్చుతప్పులు మరికొన్ని ఉన్నా, పాదాలను గణవిభజన చేస్తూ పోయేవారికి అవి వాటంతటవే బయటపడతాయి.

సంధుల భాగం అలా లేదు. సంధి పేరు, సూత్రం, ఉదాహరణ, విసంధి అని నాలుగు గడుల పట్టిక వేసి ఊరుకున్నారు. ఇకార సంధికి ఏమి + అంటివి = ఏమంటివి అని ఒక్క రూపమే ఇచ్చారు. చిన్నయసూరి ఆ సంధి వైకల్పికంగా అవుతుందన్నాడు కాబట్టి ఏమియంటివి అనే రూపం కూడా సాధువే అన్న సంగతి పట్టికలో ఎక్కడా లేదు. మా మేనకోడలు మొన్న ఒక అభ్యాసపత్రంలో యడాగమం వచ్చిన (మధ్యలో ‘య’ చేరిన) రూపాన్ని చూసి అది తప్పని గుర్తు పెట్టింది. నోట్సునే కంఠస్థం చేసినందుకు వచ్చిన ఫలితం అది. బహుళం అనే మాటకు ‘ఎక్కువగా’ అని అర్థం రాయడం మరింత పెద్ద పొరపాటు. వ్యాకరణంలో బహుళం అంటే కార్యం ఒకచోట నిత్యంగా రావడం, ఒకచోట వికల్పంగా రావడం, ఒకచోట అసలు రాకపోవడం, ఇంకొకచోట మరో విధంగా రావడం. గసడదవాదేశ సంధిలో వాడుగొట్టె, వాడుకొట్టె అనే రెండు రూపాలూ ఎందుకు నిలుస్తాయో ఈ ఒక్క మాట తెలిస్తేనే బోధపడుతుంది. సూత్రం చివరి పదాన్ని ఇలా పలుచన చేస్తే సూత్రమంతా వట్టి అక్షరాలుగా మిగిలిపోతుంది.

సాహిత్య సంపుటాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. ఇందులో ఉన్నవి కవి పేరు, కాలం, రచనలు, బిరుదులు, ఆపైన ప్రతి కవికీ దాదాపు ఒకే మూసలో రాసిన పది వాక్యాల ప్రశంస. నన్నయ గురించి ప్రసన్నకథాకలితార్థయుక్తి, అక్షరరమ్యత, నానారుచిరార్థసూక్తినిధిత్వం అని మూడు సమాసాలు రాసి, వాటిలో ఒక్కదానికైనా ఒక్క పద్యాన్ని ఉదాహరణగా చూపలేదు. అక్షరరమ్యతను చెవితో వినకుండా నేర్చుకోవడం ఎలా సాధ్యం? డిగ్రీ మొదటి ఏడాది నేను ఈ మూడు మాటలనూ అప్పజెప్పి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ తర్వాత చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఆదిపర్వం తీసి ఉదంకోపాఖ్యానంలోని నాగస్తుతి పద్యాలు పైకి చదువుకున్నప్పుడే ఆ మాటలకు అర్థం ఉందని తెలిసింది. కాలనిర్ణయంలోనూ అజాగ్రత్త కనిపిస్తుంది. కన్యాశుల్కం 1897లో అచ్చయిందని ఒక పుటలో, 1909లో అచ్చయిందని మరో పుటలో ఉంది. రెండూ నిజమే: మొదటిది తొలి కూర్పు, రెండోది గురజాడ ఎంతో పెంచి తిరగరాసిన కూర్పు. ఈ ఒక్క వాక్యం చేర్చి ఉంటే ఒక రచయిత తన నాటకాన్ని పన్నెండేళ్ల తర్వాత ఎందుకు మళ్లీ రాశాడన్న ప్రశ్న విద్యార్థికి కలిగేది. తెలంగాణ సాహిత్యానికి కేటాయించిన చోటు కూడా చాలా తక్కువ. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను చూపించాడు. ఈ సంపుటంలో ఆ సంచిక పేరుంది తప్ప, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా అది పుట్టిందన్న సంగతి లేదు.

చరిత్ర సంపుటం మొదట మూలన పడి ఉంది. 2022 చివర గ్రూప్-2 ప్రకటన వెలువడ్డాక దాన్ని తీశాను. నాలుగు పత్రాలు, ఒక్కొక్కదానికి 150 మార్కులు ఉన్న ఆ పరీక్షలో చివరి పత్రం పూర్తిగా తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీదే ఉంటుంది. ఆ భాగానికి ఈ నోట్సు నాకు నిజంగా ఉపయోగపడింది. 1952 ముల్కీ ఆందోళన, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో వచ్చిన 610 జీవో, ఇవన్నీ ఒకే పుటలో ఒకదాని కింద ఒకటి వేసి, ముందుదాని ఉల్లంఘన నుంచి తర్వాతది ఎలా పుట్టిందో బాణం గుర్తులతో చూపించారు. సంవత్సరాలు గుర్తుండడం కాదు, వరుస ఎందుకు అలాగే ఉందో గుర్తుండడం ఈ పుట ఇచ్చిన మేలు. పరీక్షకు ముందు రోజు రాత్రి నేను తెరిచింది ఈ పుటనే.

కాకతీయుల భాగంలో మాత్రం మళ్లీ పాత జబ్బే. రుద్రమదేవి పాలన ఒకచోట 1262 నుంచి 1289 వరకు అనీ, ప్రశ్నల బ్యాంకులో 1296 వరకు అనీ ఉంది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని 1289 నాటికే చెబుతోంది. అది వెలుగులోకి రాక ముందు రాసిన పుస్తకాలలోని సంవత్సరం రెండోది. రెండు సంవత్సరాలు రెండు చోట్ల పడ్డాయంటే, రెండు వేర్వేరు పుస్తకాల నుంచి ఎత్తి రాసి సరిచూసుకోలేదని అర్థం. మోటుపల్లి శాసనానికి దక్కింది ఒక్క పంక్తి: ‘గణపతిదేవుడు, 1244, అభయ శాసనం’. ఏ అభయం, ఎవరికి అన్నది లేదు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ కాకతీయ ప్రభువు సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడని గ్రంథాలయంలో శాసన పాఠానికి చేసిన అనువాదం చదివితే తెలిసింది. అదే వారంలో వాణిజ్య సంపుటంలోని నౌకా బీమా అధ్యాయాన్ని తిరగేస్తున్నాను. సముద్రంలో సరుకు పోయే భయాన్ని ఒక కాలంలో రాజు మాట తగ్గిస్తే, మరో కాలంలో బీమా ఒప్పందం తగ్గిస్తోందని రెండు సంపుటాలనూ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు తోచింది. నాలుగు విషయాలను ఒకే వరుసలో తెచ్చిన సంకలనకర్తలు ఇలాంటి లంకెలు తామే చూపగలిగేవారు. ఒక్కచోట కూడా చూపలేదు.

వాడే పద్ధతి గురించి నా అనుభవంలో తేలినది ఒకటుంది. మొదటి రెండేళ్లు నోట్సునే ముందు చదివి, తీరిక దొరికితే పాఠ్యపుస్తకం చదివేవాణ్ని. మూడో ఏడాది నుంచి ఆ వరుసను తలకిందులు చేశాను: తెలుగు అకాడమీ పుస్తకంలో అధ్యాయం పూర్తిచేసి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గుర్తున్నంతా రాసి, ఆ తర్వాత నోట్సు తెరిచి నేను వదిలేసినది ఎర్ర సిరాతో చేర్చుకున్నాను. నోట్సులోని తప్పులు నాకు కనబడడం మొదలైంది అప్పటి నుంచే. పైన చెప్పిన 1296, 13, 50 అనే అంకెలన్నీ ఆ ఎర్ర సిరా గీతల వల్ల దొరికినవే.

కొత్తగా కొనాలనుకునేవారికి నా సలహా ఇది: విడిగా అమ్మితే వాణిజ్య, చరిత్ర సంపుటాలు కొనండి, కంపెనీల అధ్యాయాన్నీ వినియోగదారుల రక్షణ అధ్యాయాన్నీ వదిలి కొత్త చట్టాలు చదవండి. భాషా సంపుటం ఎవరి దగ్గరైనా ఉంటే ఛందస్సు పుటలు మాత్రం జిరాక్సు తీసుకుంటే చాలు. మా మేనకోడలికి కూడా ఆ ఛందస్సు పుటలతో పాటు వాణిజ్య సంపుటం ఇచ్చి, సంధులు నేనే చెబుతున్నాను. గత నెల ఆమె కోసం అదే దుకాణంలో కొత్త ముద్రణ తిరగేసి చూశాను. బైండింగ్ గట్టిపడింది, అక్షరం స్పష్టంగా ఉంది, కంపెనీల అధ్యాయంలో 200 అని దిద్దారు. ప్రశ్నల బ్యాంకులో రుద్రమదేవి ఇంకా 1296 వరకు పాలిస్తూనే ఉంది. దిద్దవలసిన వాటి జాబితాను రెండు పుటల్లో రాసి దుకాణదారు చేతికి ఇచ్చి వచ్చాను.