మూడు స్టేడియాలు, ఒక గడియారం: అమెరికాలో బేస్‌బాల్ చూడబోయే మనవాళ్లకి

అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకి పిల్లలు చూపించేవి దాదాపు అవే ఉంటాయి. నయాగరా, వైట్‌హౌస్, అవుట్‌లెట్ మాల్, దగ్గర్లో ఉన్న బాలాజీ గుడి. బేస్‌బాల్ ఆట వాటిలో ఉండదు. అడిగితే "మీకు అర్థం కాదు, పైగా మూడు నాలుగు గంటలు కూర్చోలేరు" అంటారు. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండో మాట మాత్రం 2023 నుంచి చెల్లదు.

మేము ఈ వేసవిలో చికాగో శివారు నేపర్‌విల్‌లో అక్కా బావల దగ్గర దిగాం. నేను, మా ఆవిడ, నాన్న. నాన్నది రేడియోలో క్రికెట్ కామెంటరీ విని పెరిగిన చెవి. ఆట ఏదైనా ముందు రూల్స్ అడుగుతారు. చికాగో, మిల్వాకీ, బోస్టన్, ఈ మూడు చోట్లా చూశాం కాబట్టి ఎక్కడ సుఖం, ఎక్కడ ఖర్చు, ఎక్కడ ఏ తంతు చూడాలో రాస్తున్నాను.

ముందు గడియారం సంగతి. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ (ఒక్కోదాంట్లో రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తాయి) ఆటకి సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టేది. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) బంతిని నలిపి, టోపీ సర్ది, ఆకాశం వైపు చూసి, పెళ్లిలో పంతులుగారు ముహూర్తం కోసం ఆగినట్టు ఆగేవాడు. బ్యాటర్ ప్రతి బంతికీ పక్కకి జరిగి గ్లౌజుల పట్టీలు విప్పి మళ్లీ బిగించుకునేవాడు. 2023లో మేజర్ లీగ్ వాళ్లు పిచ్ క్లాక్ పెట్టారు. బేస్‌ల (పరుగు కోసం చుట్టి రావాల్సిన మూలల) మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాలి. ఎవరైనా ఉంటే మొదటి ఏడాది 20 సెకన్లు ఇచ్చారు, 2024లో దాన్ని 18కి తగ్గించారు. పిచర్ ఆలస్యం చేస్తే బ్యాటర్‌కి ఒక ‘బాల్’ కలిసొస్తుంది (నాలుగైతే ఊరికే మొదటి బేస్‌కి వెళ్లొచ్చు). గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగానే బ్యాటర్ సిద్ధంగా లేకపోతే అతని ఖాతాలో ఒక ‘స్ట్రైక్’ పడుతుంది (మూడైతే అవుట్). దీంతో మొదటి ఏడాదే సగటు 2 గంటల 40 నిమిషాలకి దిగింది.

నాన్నకి ఇది వెంటనే ఎక్కింది. క్రికెట్లో కూడా ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్ల గడియారం వచ్చింది కదా, దాని అన్న ఇది. "ఒరేయ్, మన టెస్టుల్లో బంతి బంతికీ ఇలా పెడితే టీమ్‌లో స్పిన్నర్లు తప్ప ఇంకెవరూ మిగలర్రా" అన్నారు.

చికాగోలో చూడాల్సింది రిగ్లీ ఫీల్డ్. 1914లో కట్టింది, కబ్స్ జట్టు సొంత గడ్డ. నేపర్‌విల్ నుంచి మెట్రా రైల్లో యూనియన్ స్టేషన్, అక్కడి నుంచి కాస్త నడిస్తే జాక్సన్ దగ్గర రెడ్ లైన్, దిగాల్సింది ఆడిసన్. స్టేషన్ మెట్లు దిగగానే స్టేడియం ఎదురుగా ఉంటుంది. కారు మాత్రం వద్దు. చుట్టూ ఇళ్లే, వీధుల్లో పర్మిట్ లేనిదే పెట్టనివ్వరు. బావ వాళ్ల ఫ్రెండ్స్ ఒకసారి ప్రైవేటు పార్కింగ్‌లో పెడితే కార్లని ఒకదాని వెనక ఒకటి ఇరికించేశారట. ముందున్న కారు ఓనరు బార్‌లోంచి వచ్చేదాకా వీళ్లు కదల్లేదు.

ఇక్కడ రాత్రి లైట్లు 1988 దాకా లేవు. అప్పటిదాకా అన్నీ పగటి ఆటలే. ఇప్పటికీ చాలా ఆటలు మధ్యాహ్నం 1:20కి మొదలవుతాయి, పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి అదే మంచిది. గడియారం పుణ్యమా అని నాలుగింటికల్లా అయిపోతుంది. సాయంత్రం మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూకి వెళ్లి ఇడ్లీ తినొచ్చు, మేం అదే చేశాం.

సీట్ల విషయంలో ఒక మెలిక ఉంది. ఎండ తగలకూడదని పై అంతస్తు కిందున్న వెనక వరసలు కొంటే నీడ బాగుంటుంది కానీ అడ్డంగా స్తంభాలు వస్తాయి. పైగా ఎత్తుగా లేచిన బంతి పైకప్పు వెనక మాయమైపోతుంది. అది ఎక్కడ పడిందో ఎదుటివాళ్ల అరుపుల్ని బట్టి తెలుసుకోవాలి. టికెట్ కొనేటప్పుడు ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని రాసుందేమో చూసుకోండి, కొన్ని సీట్లు మిగతావాటికంటే తక్కువకి ఉన్నాయంటే కారణం అదే. మధ్య వరసలైతే నీడా, చూపూ రెండూ కలిసొస్తాయి. బ్లీచర్స్ (అవుట్‌ఫీల్డ్ వెనక పైకప్పు లేని బెంచీలు) కుర్రాళ్లకి. అక్కడ ఎదుటి జట్టు హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, బంతి దొరికినవాడు దాన్ని మళ్లీ గ్రౌండ్‌లోకి విసిరేయాలి. విసరకపోతే చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు. లక్షలు పెట్టినా దొరకని జ్ఞాపకం కదా, దాచుకోవచ్చు కదా అని మా ఆవిడ బాధ.

అవుట్‌ఫీల్డ్ గోడ మీద పాకిన ఐవీ తీగ 1937లో నాటింది. బంతి అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ ఎత్తి నిలబడతాడు, బ్యాటర్‌కి రెండు బేస్‌లు ఇస్తారు. వెతికి తీయబోయాడో ఆ సౌకర్యం పోతుంది. స్కోర్‌బోర్డు కూడా 1937దే. ఈనాటికీ లోపల మనుషులు కూర్చుని రేకు అంకెలు మారుస్తారు. ఆట అయ్యాక దాని మీద జెండా ఎగరేస్తారు. తెల్ల జెండా మీద నీలం ‘డబ్ల్యూ’ ఉంటే గెలిచినట్టు, నీలం మీద తెల్ల ‘ఎల్’ ఉంటే ఓడినట్టు. ఫోన్లు లేని రోజుల్లో రైల్లో పోయేవాళ్లకి ఆ జెండాయే వార్త.

అన్నిటికంటే పెద్ద తంతు ఏడో ఇన్నింగ్స్ మధ్యలో. అందరూ లేచి ఒళ్లు విరుచుకుంటారు, 1908 నాటి బేస్‌బాల్ పాట ఒకటి ఆర్గన్ మీద మొదలవుతుంది, స్టేడియం మొత్తం పాడుతుంది. ఇది అన్ని స్టేడియాల్లో ఉన్నదే. కానీ రిగ్లీలో కామెంటేటర్ హ్యారీ కేరీ 1982 నుంచి కిటికీలోంచి వంగి మైకు పట్టుకుని శ్రుతి లేకుండా పాడి దీన్ని పండగ చేశారు. 1998లో ఆయన పోయాక ఆటకో అతిథిని పిలిచి పాడిస్తున్నారు. బాగా పాడేవాళ్ల కంటే పాడలేనివాళ్లకే చప్పట్లు ఎక్కువ.

మా పక్క సీట్లో ఒక పెద్దాయన పెన్సిల్‌తో స్కోర్‌కార్డు రాసుకుంటున్నారు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) నుంచి రెండో బేస్‌కి, అక్కడి నుంచి మొదటి బేస్‌కి బంతి వెళ్లి ఇద్దరు అవుటైతే, ఆ ఫీల్డర్ల స్థానాల అంకెలు పెట్టి 6-4-3 అని రాస్తారు. బ్యాట్ ఊపినా బంతి తగలక అవుటైతే ‘కె’. ఊపకుండా నిలబడి అవుటైతే అదే ‘కె’ తిరగేసి రాస్తారు. నాన్నకి అవి నేర్పిస్తూ ఆయన ఒక మాట అన్నారు: "ఇదివరకు బంతికీ బంతికీ మధ్య స్కోరు రాసుకుని, పల్లీ ఒలుచుకుని, పక్కవాడితో వాదించేవాణ్ణి. ఇప్పుడు మూడింట్లో రెండే కుదురుతున్నాయి." ఫిర్యాదులా ఏమీ అనలేదు, నవ్వుతూనే అన్నారు.

నాకు అసలు విషయం అక్కడే తెలిసింది. గడియారం తగ్గించింది బంతుల మధ్య ఖాళీని. ఇన్నింగ్స్‌ల మధ్య వచ్చే రెండు నిమిషాల విరామం అలాగే ఉంది, తంతులన్నీ అందులోనే జరుగుతాయి. మనవాళ్లు సరిగ్గా ఆ రెండు నిమిషాల్లోనే లేచి క్యూలో నిలబడతారు. ఇదివరకు హాట్‌డాగ్ క్యూలో పావుగంట గడిపినా పెద్దగా పోయేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు అదే పావుగంటలో ఒక ఇన్నింగ్స్ దాటిపోతుంది. కాబట్టి తినేదేదో ఆట మొదలవకముందే తినండి. తప్పదంటే రెండో మూడో ఇన్నింగ్స్‌లో వెళ్లి రండి. ఆరో ఇన్నింగ్స్ మొదలయ్యాక సీటు వదలొద్దు.

ఆరు ఎందుకన్నానంటే మిల్వాకీ. చికాగో నుంచి తొంభై మైళ్లు, హియావాతా రైలు గంటన్నరలో దింపుతుంది. మేం మాత్రం కార్లో వెళ్లాం, ఇక్కడ కారే సుఖం. 2001లో తెరిచిన అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్ చుట్టూ మైదానాల్లాంటి పార్కింగ్ ఉంది. జనం రెండు మూడు గంటలు ముందే వచ్చి కారు డిక్కీ తెరిచి, పొయ్యి వెలిగించి, సాసేజ్‌లు కాల్చుకుంటారు. మా అక్క పులిహోర, పెరుగన్నం తెచ్చింది. పక్క కారువాళ్లు పులిహోర రుచి చూసి రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నారు.

పైకప్పు అవసరాన్ని బట్టి మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. వాన భయం లేదు. లిఫ్టులు, మెట్ల పక్క రెయిలింగ్, వెడల్పు సీట్లు, దారి చూపించే సిబ్బంది, అన్నీ ఉన్నాయి. సర్వీసులో మూడింట్లో దీనికే నా ఓటు. ఆరో ఇన్నింగ్స్ మధ్యలో ఐదు రకాల సాసేజ్ వేషాలు వేసుకున్నవాళ్లు గ్రౌండ్ అంచున పరుగు పందెం పెట్టుకుంటారు. మా మేనకోడలు చోరీసో మీద పందెం కాసింది, నాన్న పోలిష్ మీద. "తాతయ్యా, ఓడితే ఐస్‌క్రీమ్" అంది. మేనకోడలే గెలిచింది. స్థానిక జట్టు హోమ్ రన్ కొడితే బెర్నీ అనే మీసాల బొమ్మ మనిషి పైనుంచి జారుడుబల్ల మీద జారతాడు. కాస్త పిల్లల వ్యవహారంలా ఉంటుంది, నిజమే. పిల్లలతో వెళ్లేవాళ్లకి అంతకంటే కావాల్సిందేముంది?

బోస్టన్ ఖర్చు వేరే లెక్క. ఫెన్‌వే పార్క్ 1912 నాటిది, మేజర్ లీగ్‌లో ఇప్పుడు వాడుకలో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. టికెట్టూ గదీ రెండూ మంట. స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో మేం దిగిన హోటల్ (పేరు ఎందుకులెండి) గది అద్దె కాక రోజుకింత అని ఏదో ‘డెస్టినేషన్ ఫీ’ వేసింది. దానికి బదులుగా ఇచ్చింది రెండు నీళ్ల సీసాలు. నా సలహా, న్యూటన్‌లోని రివర్‌సైడ్ వైపో, క్విన్సీ వైపో ఉండండి. రివర్‌సైడ్ నుంచి గ్రీన్ లైన్ డి రైలు ఎక్కితే నేరుగా ఫెన్‌వే స్టేషన్‌లో దిగొచ్చు. ఆట అయ్యాక ఆ రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఒక అరగంట ఆగి ఎక్కితే ప్రాణానికి హాయి.

లోపల గ్రాండ్‌స్టాండ్‌లో పాతకాలపు చెక్క సీట్లు. ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టమే. నాన్న నాలుగో ఇన్నింగ్స్‌కే లేచి నిలబడటం మొదలుపెట్టారు. కానీ ఎడమవైపు ‘గ్రీన్ మాన్‌స్టర్’ గోడని చూస్తే ఆ బాధ కాసేపు మర్చిపోతాం. 37 అడుగుల ఎత్తు. వేరే చోట హోమ్ రన్ అయ్యే దెబ్బ ఇక్కడ గోడకి కొట్టుకుని కింద పడుతుంది, వేరే చోట క్యాచ్ అయ్యేది గోడ దాటిపోతుంది. కుడివైపు దూరంగా ఆకుపచ్చ సీట్ల మధ్య ఒక్కటే ఎర్ర సీటు ఉంటుంది. 1946లో టెడ్ విలియమ్స్ కొట్టిన 502 అడుగుల హోమ్ రన్ పడిన చోటు అది. ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో 1969 నాటి ఒక పాప్ పాట వేస్తారు. ఆ పాటకీ బేస్‌బాల్‌కీ ఏ సంబంధమూ లేదు, అయినా ముప్ఫై వేలమందికి పైగా గొంతు కలుపుతారు. ఆట ఓడిపోతున్నా సరే. టికెట్ దొరక్కపోతే పగలు స్టేడియం టూర్ ఉంది. గోడా ఎర్ర సీటూ చూడటానికే అయితే ఆ డబ్బు చాలు.

శాకాహారుల సంగతి ఎవరూ రాయరు, నేను రాస్తాను. ప్రెట్జెల్, నాచోస్, పాప్‌కార్న్, ఫ్రెంచ్ ఫ్రైస్ అంతటా దొరుకుతాయి. వెజ్ హాట్‌డాగ్ అడిగితే చాలాచోట్ల ఉంటుంది కానీ దాన్ని కాల్చే పెనం వేరేదేనా అని అడగాల్సింది మీరే. వేయించిన పల్లీలు పొట్టుతో సహా ఇస్తారు, తొక్కలు కాళ్ల దగ్గరే పడేయడం ఇక్కడ ఆచారం. నాన్న మొహమాటపడి ఒక ఇన్నింగ్స్ అంతా తొక్కలు జేబులో వేసుకున్నారు. నోట్లు చాలా స్టేడియాల్లో తీసుకోరు, కార్డే. టికెట్ కూడా ఫోన్‌లో యాప్‌లోనే, కాబట్టి ఇండియా సిమ్‌తో వచ్చినవాళ్లు రోమింగ్ డేటా చూసుకోండి. బ్యాగులకి ఒక్కో చోట ఒక్కో కొలత, బయటి తిండికి ఒక్కో రూలు. బయల్దేరేముందు ఆ జట్టు వెబ్‌సైట్ చూడటం తప్పదు. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కి వెళ్లి ఇదే మా మొదటి ఆట అని చెబితే చాలాచోట్ల ఉచితంగా ఒక సర్టిఫికెట్ ఇస్తారు. నాన్న రిగ్లీలో తీసుకున్నారు.

నేపర్‌విల్, అరోరా వైపు ఉండే మనవాళ్లు మొదటిసారే రిగ్లీ రేట్లు పెట్టక్కర్లేదు. దగ్గర్లోనే జెనీవాలో కేన్ కౌంటీ కూగర్స్ అనే చిన్న జట్టు ఉంది. టికెట్ చవక, గ్రౌండ్ దగ్గరగా కనిపిస్తుంది, పిల్లలు విసుగొస్తే తిరగడానికి చోటుంది. స్ట్రైక్, బాల్, అవుట్ అంటే ఏంటో అక్కడ అలవాటయ్యాక పెద్ద స్టేడియానికి వెళ్తే డబ్బుకి న్యాయం జరుగుతుంది.

తేదీలు ఎంచుకునేటప్పుడు సోమవారం నుంచి గురువారం లోపు చూడండి, వారాంతం కంటే టికెట్ బాగా తక్కువ. ఒక్కో జట్టూ సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది, అందులో సగం సొంతూళ్లోనే, కాబట్టి దొరకదనే టెన్షన్ అక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడైనా పర్వాలేదు. ఏప్రిల్‌లో మాత్రం పెద్దవాళ్లని రిగ్లీకి తీసుకెళ్లకండి. మిషిగన్ సరస్సు మీంచి వచ్చే గాలికి స్వెట్టరూ, మంకీ క్యాపూ, కాళ్ల మీద దుప్పటీ కూడా చాలవు.