కొండ పిక్కా, ఓడ పిక్కా: సరిహద్దు జీడి కర్మాగారాలకు ఏది మేలు?

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల్లో చిన్న జీడిపప్పు కర్మాగారం నడిపేవారికి ముడిసరుకు దారులు ప్రధానంగా మూడు. మొదటిది, మార్చి నుంచి మే వరకు మోహన, కాశీనగరం వైపు సంతలకు దిగే స్థానిక పిక్క, అంటే పెంకుతో ఉన్న ముడి జీడిగింజ; దీన్నే ఇక్కడ కొండ పిక్క అంటున్నాను. రెండవది, విశాఖ రేవులో దించిన ఆఫ్రికా పిక్కను, అంటే ఓడ పిక్కను, అక్కడి దిగుమతిదారు వద్దనో ఆంధ్రలోని పలాస వర్తకుల వద్దనో కొనుక్కోవడం. మూడవది, మన పేరు మీదనే కంటైనర్ తెప్పించుకోవడం. విదేశీ పప్పునే తెచ్చి ప్యాకెట్లు కట్టుకుంటే సరిపోదా అని అడిగేవారూ ఉన్నారు. 2019 జూన్‌లో కేంద్రం గుండు పప్పుకు కిలో 720 రూపాయలు, ముక్కకు 680 రూపాయలు కనీస దిగుమతి ధరగా నిర్ణయించింది; ఆ తర్వాతి నెల బడ్జెట్‌లో పప్పుపై సుంకాన్ని 45 శాతం నుంచి 70 శాతానికి పెంచింది. పప్పు ఒలిచే చేతులకు పని మిగలాలన్నదే ఆ నిర్ణయాల ఉద్దేశం కాబట్టి, ఆ నాలుగో దారిని ఇక్కడితో వదిలేస్తున్నాను.

ముడి పిక్కపై సుంకం చాలామంది అనుకునేంత పెద్దది కాదు. 2018 బడ్జెట్‌లో దాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఈ రెండూ కలిపిన సరుకు విలువ మీద 5 శాతం ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) పడతాయి. సరుకు ఖరీదు, ఓడ కిరాయి, బీమా కలిపి ఇరవై లక్షలనుకుంటే సుంకం 50,000, సర్‌ఛార్జి 5,000, ఐజీఎస్టీ 1,02,750 రూపాయలు. ఇందులో ఐజీఎస్టీ పప్పు అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులో సర్దుబాటవుతుంది కనుక నిజంగా చేతి నుంచి పోయేది 55,000 మాత్రమే. స్థానిక పిక్క కొన్నా పన్ను లేకుండా పోదు. రైతు దగ్గర ముడి పిక్క కొన్న రిజిస్టర్డ్ వ్యాపారి ఆ 5 శాతం జీఎస్టీని రివర్స్ ఛార్జి కింద తానే కట్టి, తర్వాత సర్దుబాటు చేసుకోవాలి. పర్లాకిమిడిలో కొని పలాసకు తరలిస్తే రాష్ట్రం దాటిన సరుకు కనుక బిల్లులూ దానికి తగ్గట్టే ఉండాలి.

కాబట్టి లాభనష్టాలు తేలేది సుంకం దగ్గర కాదు, కోత పరీక్ష దగ్గర. బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసిన పిక్కలను కలిపి, అందులోంచి ఒక కిలో తూచి, ఒక్కొక్కదాన్నీ రెండుగా కోస్తారు. మంచి పప్పును ఒక పక్క, మచ్చపడినదాన్ని మరో పక్క, కుళ్లినదాన్ని, డొల్లను విడిగా పోస్తారు. మంచి పప్పు బరువుకు మచ్చపప్పు బరువులో సగం కలిపితే వచ్చే లెక్కే అవుట్‌టర్న్. దాన్ని 80 కిలోల బస్తాకు పౌండ్లలో చెబుతారు. కిలో పిక్కలో 272 గ్రాములు తేలితే బస్తాకు సుమారు 48 పౌండ్లు, అంటే 21.8 కిలోలు. అదే 250 గ్రాములే తేలితే 44 పౌండ్లు, అంటే 20 కిలోలు. బస్తా ధర పదివేలనుకుంటే దాని మీద సుంకం, సర్‌ఛార్జి కలిపి 275 రూపాయలు. నాలుగు పౌండ్ల తేడా వల్ల పోయే పప్పు విలువ, కిలో ఆరువందల చొప్పున వేసుకున్నా వెయ్యి రూపాయలు దాటుతుంది. సుంకం తగ్గిందా పెరిగిందా అని పత్రికలో వెతికే యజమాని కోతకత్తి దగ్గర కూర్చోకపోతే ఆ వెతుకులాట వల్ల ఫలితం ఉండదు.

ఈ పరీక్షను స్థానిక పిక్క విషయంలో సంతలోనే, డబ్బు ఇవ్వకముందే చేసుకోవచ్చు. దిగుమతిదారు గోదాములో ఉన్న సరుకుకూ చేసుకోవచ్చు. సొంతంగా తెప్పించే కంటైనర్ విషయంలో మాత్రం ఓడ ఎక్కేచోట ఎవరో చేసిన పరీక్ష కాగితాన్ని నమ్మి డబ్బు పంపాలి. వారాల తరబడి సముద్రం మీద మూసిన పెట్టెలో తేమ పట్టిన పిక్క, రేవులో తలుపు తెరిచేసరికి కాగితంలోని పిక్కలా ఉంటుందన్న హామీ లేదు. పైగా ఎగుమతి, దిగుమతుల కోడ్ తీసుకోవాలి. పంపే దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. రేవులో మొక్కల క్వారంటైన్ తనిఖీ దాటాలి. బెనిన్, టాంజానియా, మొజాంబిక్ వంటి అతితక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు 2008లో మన దేశం ప్రకటించిన సుంకం రాయితీ కోరితే మూలదేశ ధ్రువపత్రం ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం సరుకు నిజంగా ఆ దేశానిదేనని చూపే వివరాలు దిగుమతిదారు వద్ద ఉండాలి, వాటిని ఐదేళ్లు భద్రపరచాలి. ఐవరీకోస్ట్, ఘనా ఆ జాబితాలోని దేశాలు కావు. ఒక గుమాస్తాతో పుస్తకాలు రాయించుకునే కర్మాగారానికి ఇంత బరువు తగదని నా నిశ్చితాభిప్రాయం.

కాలాన్ని బట్టి చూస్తే కొండ పిక్కకూ ఓడ పిక్కకూ పోటీ అంతగా లేదు. మన పంట మే నాటికి అయిపోతుంది. టాంజానియా పంట అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోతకొస్తుంది కనుక మన గోదాములు ఖాళీ అయ్యే వేళకు అది అందుతుంది. పశ్చిమాఫ్రికా పంట మాత్రం దాదాపు మన పంటతోనే వస్తుంది. ఆ నెలల్లో దాని ధర చూపించి సవర రైతు పిక్కను చవగ్గా అడగడం నాకు న్యాయంగా తోచదు. ఎండలో బాగా ఎండబెట్టిన స్థానిక పిక్కను కోసి చూసి, తేలిన పౌండ్ల లెక్కనే ధర కట్టాలి.

లేబుల్ సంగతి కూడా ఎంపికలో భాగమే. ఆహార భద్రతా నియమాల ప్రకారం, ఒక దేశంలో జరిపిన ప్రాసెసింగ్ వల్ల సరుకు స్వభావమే మారితే లేబుల్‌కు ఆ దేశమే మూలదేశం అవుతుంది. ముడి పిక్కను ఇక్కడ కాల్చి, ఒలిచి తీసిన పప్పును భారతీయ ఉత్పత్తి అనడానికి ఆధారం ఇదే. అయితే ఆఫ్రికా పిక్కతో తీసిన పప్పు ప్యాకెట్ మీద గజపతి కొండల జీడిపప్పు అని అచ్చు వేస్తే అది కొనేవారిని మోసగించడమే. తప్పుడు లేబుల్ ఉన్న ఆహారానికి 2006 నాటి ఆహార భద్రత చట్టం మూడు లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. తయారీదారు చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో గరిష్ఠ ధర, ఫిర్యాదుల కోసం ఫోన్ నంబరు, పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్య రెండు రకాల ప్యాకెట్లకూ తప్పనిసరే. రెండు రకాల పిక్కను ఒకే కొలిమిలో కలిపితే ఏ ప్యాకెట్‌లో ఏది ఉందో చెప్పలేం. లాట్ సంఖ్యలు విడిగా రాసుకుంటే చెప్పగలం.

నన్ను అడిగితే, మార్చి నుంచి మే వరకు చేతిలో ఉన్న డబ్బంతా కొండ పిక్క మీదే పెట్టమంటాను. వానల తర్వాత పనివాళ్లను ఇంటికి పంపకుండా ఉండటానికి కావలసినంత ఓడ పిక్కను, మన ఎదుటే కోసి చూపించే దిగుమతిదారు దగ్గర కొనమంటాను. సొంత కంటైనర్ ఆలోచన ఉంటే నాలుగైదు కర్మాగారాలు కలిసి, ఓడ ఎక్కేచోట తమ మనిషిని నిలబెట్టుకోగలిగినప్పుడే చేయాలి.