లేడీ గాగా కోసం సింగపూర్: కచేరీకి వందకు వంద, గదికి సున్నా

అమెరికా పాప్ గాయని లేడీ గాగా కచేరీ కోసం 2025 మేలో నేనూ, మా ఆయనా, మా చెల్లీ సింగపూర్ వెళ్లొచ్చాం. ముందు గది సంగతి చెప్పేస్తాను. ఆ కడుపుమంట చల్లారితే గానీ గాగా దగ్గరికి రాలేను.

సింగపూర్‌లో మనవాళ్ల పేట లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డుకి రెండు సందుల అవతల హోటల్. మామూలు తేదీలకి రాత్రికి 110 సింగపూర్ డాలర్లు చూపించే గది, కచేరీ వారం వచ్చేసరికి 178 అయింది. పోనీ అనుకున్నాం, గిరాకీ ఉన్నప్పుడు ఎవడైనా పెంచుతాడు. అక్కడి చవక హోటళ్లలో చాలా గదులకి కిటికీలే ఉండవు. మా ఆయనకి మూసేసిన గదిలో ఊపిరాడదు. అందుకని 'కిటికీ ఉన్న గది' అని రాసిన దానికి ఇంకో 22 కట్టాం. మూడో మంచానికి 35. అన్నీ కలిపితే రాత్రికి 235 డాలర్లు, అంటే మన డబ్బుల్లో పదిహేను వేల పైమాటే.

తెల్లారి దిగాం. గది మూడింటికి గానీ ఇవ్వరట, ముందే కావాలంటే 50 డాలర్లట. సామాను ఓ మూల పెట్టుకోనివ్వడానికి పెట్టెకి 5. మధ్యాహ్నం తాళం తీసి లోపలికెళ్లి తెర లాగితే నిజంగానే కిటికీ ఉంది. అద్దానికి జానెడు దూరంలో పక్క బిల్డింగు గోడ, ఆ గోడ మీద ఏసీ పైపు, పైపు నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు. రెక్క కొంచెం తెరిస్తే కింద ఎవరిదో వంటగది నుంచి మాడిన నూనె వాసన గుప్పున వచ్చింది. మూడో మంచం వేస్తే బాత్రూమ్ తలుపు సగమే తెరుచుకుంటుంది, పక్కకి తిరిగి లోపలికి జారాలి. కిందకెళ్లి అడిగితే రిసెప్షన్ కుర్రాడు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "కిటికీ ఉంది కదా మేడమ్, వ్యూ ఉందని మేం రాయలేదు కదా" అన్నాడు. కార్డు మీద డిపాజిట్‌గా ఆపిన 100 డాలర్లు మేం హైదరాబాద్ వచ్చిన మూడో వారంలో గానీ వెనక్కి రాలేదు, అదీ రెండు మెయిళ్లు పెట్టాక.

ఆ సాయంత్రం మా చెల్లి మొహం మాడ్చుకుని మంచం మీద పడుకుంది. హోటల్ వెతికింది బావ, వద్దని చెప్పింది తను. ఆ గొడవలో నేను దూరలేదు.

అసలు ఇంత దూరం ఎందుకంటే, చెల్లి ఇంటర్ చదివేటప్పటి నుంచీ గాగా పిచ్చిది. 'పోకర్ ఫేస్' పాట రోజుల నుంచి. 2011లో గాగా ఢిల్లీ దగ్గర ఫార్ములా వన్ రేసుల పార్టీలో పాడినప్పుడు వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు, ఆ మాట ఇప్పటికీ ఎత్తుతుంది. మధ్యలో గాగా సినిమాలన్నది, జాజ్ అన్నది. 2020లో వచ్చిన 'క్రొమాటికా' తర్వాత సొంత పాప్ ఆల్బమ్ కోసం దాదాపు ఐదేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 2024లో ఆవిడ నటించిన జోకర్ సినిమా రెండో భాగం బోల్తా కొట్టాక ఇక ఈవిడ పని అయిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. 2025 మార్చి 7న 'మేహెమ్' ఆల్బమ్ వచ్చి ఆ నోళ్లు మూయించింది. అమెరికా చార్టులో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అంతకు ముందే 2024 ఆగస్టులో గాయకుడు బ్రూనో మార్స్‌తో పాడిన 'డై విత్ ఎ స్మైల్' మన ఇన్‌స్టా రీళ్లలో అరిగిపోయింది, గ్రామీ అవార్డు కూడా తెచ్చుకుంది. దాని తర్వాత అక్టోబర్‌లో 'డిసీజ్', ఫిబ్రవరిలో 'అబ్రకదబ్ర'. మొదటిది అందరికీ నచ్చే మెత్తటి పాట. తర్వాతి రెండూ పాత గాగా, చీకటీ చెమటా బేస్ దరువూ. నా మటుకు నాకు 'డిసీజ్' మీద పెద్ద మోజు లేదు. ఆల్బమ్‌లో అసలు సరుకు 'గార్డెన్ ఆఫ్ ఈడెన్', 'వానిష్ ఇన్‌టు యూ'లలో ఉంది.

ఆ ఫిబ్రవరిలోనే ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ మన రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చి పాడి వెళ్లాడు. గాగా రాలేదు. ఆ మే నెలలో ఆసియా మొత్తానికీ కలిపి ఒక్క సింగపూర్‌లోనే నాలుగు రాత్రులు, 18, 19, 21, 24 తేదీల్లో పాడుతుందన్నారు. ఇది జులైలో లాస్ వేగస్‌లో మొదలైన 'మేహెమ్ బాల్' టూర్‌లో భాగం కాదు, దానికి ముందు ఆల్బమ్ కోసం విడిగా పెట్టుకున్న ప్రదర్శనలు. 2012 తర్వాత మళ్లీ అక్కడ పాడటం అదే మొదలు. "పాట వినడానికి పాస్‌పోర్ట్ ఎందుకే?" అన్నాడు మా ఆయన. అన్నాడు గానీ లిటిల్ ఇండియాలోని పెద్ద షాపు ముస్తఫా సెంటర్‌లో కొనాల్సినవాటి లిస్టు మాత్రం అప్పుడే రాసుకున్నాడు.

వీసా గురించి ఓ మాట. సింగపూర్ వీసాకి మనం నేరుగా వెళ్లి అప్లై చేయడం ఉండదు, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారానే. అసలు ఫీజు 30 డాలర్లు, మిగతాదంతా ఏజెంట్ చార్జీ. ఒకాయన 'ఎక్స్‌ప్రెస్' అంటూ మనిషికి 4,900 రూపాయలు చెప్పాడు, ఇంకొకాయన 3,200కే చేశాడు, రావడం మాత్రం మామూలుగానే వచ్చింది. మొదటాయన అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలో దిగేవాళ్లు ఇవ్వాల్సిన వివరాల ఫారం, నింపడానికి కూడా 600 అడిగాడు. అది ప్రభుత్వ సైట్‌లో ఉచితం. దిగే ముందు మూడు రోజుల్లోపు ఎవరికి వాళ్లు ఫోన్‌లోనే నింపుకోవచ్చు. దానికి పైసా ఇవ్వకండి.

విమానం హైదరాబాద్ నుంచి నేరుగా, రానూపోనూ 24,600. చెప్పుకోవడానికేం లేదు, నిద్రపోయాం. రైళ్లకి ప్రత్యేకంగా కార్డు కొనక్కర్లేదు, మన బ్యాంకు కార్డు గేటుకి తాకిస్తే చాలు. కాకపోతే విదేశీ కార్డులకి వాడిన రోజుకి 60 సెంట్లు అదనంగా పడుతుంది.

చెల్లి అలక తీర్చింది నేను కాదు, వీధి మూలనున్న కాఫీ కొట్టు. అక్కడ పొద్దున్నే కాయా టోస్ట్ అని ఒకటి ఇస్తారు, సెట్టు 6 డాలర్ల 40 సెంట్లు. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర కలిపి దగ్గరగా ఉడికించిన జామ్. కరకరలాడే పల్చటి బ్రెడ్డు ముక్కల మధ్య అది రాసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్న బిళ్ల పెడతారు. పక్కన రెండు గుడ్లు, ఉడికీ ఉడకనివి. సాసర్‌లో పగలగొట్టుకుని, సోయా సాస్ చుక్క, తెల్ల మిరియాల పొడి వేసి కలిపి, టోస్ట్ అందులో ముంచుకోవాలి. ఆ పచ్చి గుడ్డు చూసి మొదట ముగ్గురం మొహాలు చూసుకున్నాం. తర్వాత ఇంకో సెట్టు చెప్పాం. కాఫీ అడగడానికి అక్కడ వేరే భాష ఉంది. 'కోపీ' అంటే మిల్క్‌మెయిడ్ లాంటి తియ్యటి చిక్కటి పాలతో, 'కోపీ ఓ' అంటే పాలు లేకుండా చక్కెరతో, 'కోపీ ఓ కొసోంగ్' అంటే రెండూ లేకుండా. మా ఆయన రెండో రోజుకే కౌంటర్ దగ్గర వాళ్ల యాసలో ఆర్డర్ ఇస్తూ, మాకు కూడా పాఠాలు మొదలుపెట్టాడు.

మిగతా ఊరు చూశాం, ఫొటోలు దిగాం. శ్రీనివాస పెరుమాళ్ గుడిలో ప్రశాంతంగా ఉంది. ముస్తఫాలో అర్ధరాత్రి దాటాక కూడా జనమే, నేను బయట మెట్ల మీద కూర్చున్నాను.

ఇక 21వ తేదీ, బుధవారం. కచేరీ జరిగే నేషనల్ స్టేడియం, మెట్రో సర్కిల్ లైన్‌లో స్టేడియం స్టేషన్ దిగితే ఎదురుగానే. యాభై వేల మంది పట్టే చోటు, పైన గోపురం లాంటి కప్పు, అడ్డంగా 310 మీటర్లు. 2024లో టేలర్ స్విఫ్ట్ ఆరు రాత్రులు పాడింది ఇక్కడే. మా టికెట్ ఒక్కోటి ఫీజులతో కలిపి దాదాపు 19 వేలు, మధ్య అంతస్తులో, స్టేజికి కొంచెం పక్కవాటుగా. నిజం చెప్పాలంటే ఆ కప్పు కింద శబ్దం బాగా మారుమోగుతుంది. వేగం పాటల్లో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పాటలు నోటికి వచ్చినవాళ్లకి ఇబ్బంది లేదు, మా ఆయనకి మాత్రం మొదటి అరగంట హోరు తప్ప ఏమీ అర్థం కాలేదు.

కానీ ఆ మొదటి దృశ్యం! ఎర్రటి గౌను, రెండంతస్తుల మేడంత ఎత్తు, పైన చివర గాగా. 'అబ్రకదబ్ర' మొదలవగానే ఆ గౌను కుచ్చిళ్లు తెరలా రెండు వైపులా తెరుచుకున్నాయి, లోపల పంజరం, పంజరం నిండా డాన్సర్లు. మా ఆయన పాప్‌కార్న్ డబ్బా కింద పెట్టేశాడు. 'పోకర్ ఫేస్' వచ్చేసరికి స్టేజి చదరంగం బల్ల అయింది, నలుపు పావులూ తెలుపు పావులూ యుద్ధం. 'పర్ఫెక్ట్ సెలబ్రిటీ' పాటని ఇసుకలో అస్థిపంజరాల మధ్య పడుకుని పాడింది. 'పాపరాజీ'కి చంకల్లో కర్రలు పెట్టుకుని, వెనక మూరల కొద్దీ తెల్లటి బట్ట ఈడ్చుకుంటూ ఆ పొడవాటి దారంతా నడిచింది. పదహారేళ్ల నాటి పాటకి కొత్త ఆల్బమ్ కథలో చోటు చూపించడం నాకు బాగా నచ్చింది. పాత హిట్లు వరసగా పాడేసి కొత్తవి మధ్యలో ఇరికించే కచేరీ కాదిది.

'డై విత్ ఎ స్మైల్' కీబోర్డు దగ్గర ఒక్కతే పాడింది. బ్రూనో మార్స్ లేని లోటు స్టేడియం అంతా గొంతు కలిపి తీర్చింది. అందులో మా ఆయన గొంతు కూడా ఉంది, పల్లవి ఒక్కటే వచ్చు ఆయనకి, అదే చరణాలకీ పాడాడు. చివర్లో 'వానిష్ ఇన్‌టు యూ'కి గాగా కిందకి దిగి కంచె పొడుగునా జనం చేతులు పట్టుకుంటూ వెళ్లింది. మేమున్న చోటు నుంచి అది తెర మీదే కనిపించింది. చెల్లి ఏడుపు ఆపుకోలేదు, ఆపమని మేమూ అనలేదు.

బయటికొచ్చేటప్పుడు స్టేడియం స్టేషన్‌కి వరస కిలోమీటరు ఉన్నట్టు కనిపించింది. అందులో నిలబడకండి. కల్లాంగ్ స్టేషన్‌కి పావుగంట నడక, దారి పొడుగునా దీపాలు, పోలీసులు. మేం అలాగే నడిచి, పెద్దగా ఆగకుండా రైలెక్కాం.

షాపింగ్ పక్కన పెడితే మనిషికి ఖర్చు 77 వేలు: విమానం 24,600, వీసా 3,200, టికెట్ 19,000, గది వాటా 20,700, తిండీ తిరుగుడూ 9,500. తగ్గించుకోవాలంటే టికెట్‌లో తగ్గించకండి, ఇంకో మూడు వేలు వేసి స్టేజికి ఎదురుగా ఉన్నది తీసుకోండి, ఆ మారుమోత కొంత తగ్గుతుంది. గది మాత్రం లిటిల్ ఇండియాలోనే కావాలని పట్టుపట్టకుండా కల్లాంగ్, లావెండర్ వైపు చూడండి, కచేరీ తేదీలు ప్రకటించిన రోజే బుక్ చేయండి. కిటికీకి విడిగా డబ్బు అడిగితే దానిలోంచి ఏం కనిపిస్తుందో ఫొటో పంపమనండి.