ల్యాప్‌టాప్‌కి మామూలు ర్యామా, ఈసీసీ ర్యామా?

మామూలు ర్యామ్‌లో ఒక బిట్ 0 నుంచి 1కి మారిపోతే ఎవరికీ తెలియదు. ఫొటోలో ఒక చుక్క రంగు మారితే పోనీలే అనుకోవచ్చు. అదే బిట్ డేటాబేస్‌లోదైతే, తప్పు కాపీనే బ్యాకప్‌లో భద్రంగా దాచుకుంటాం.

ఈసీసీ అంటే ఎర్రర్ కరెక్టింగ్ కోడ్, తప్పుల్ని పట్టి సరిచేసే ఏర్పాటు. ఈ రకం డీడీఆర్4 (ర్యామ్‌లో ఒక తరం) మాడ్యూల్‌లో ప్రతి 64 బిట్ల డేటాకీ 8 తనిఖీ బిట్లు తోడుంటాయి. ఒక బిట్ చెడితే మెమరీ కంట్రోలర్ అక్కడికక్కడే సరిచేస్తుంది. రెండు చెడితే సరిచేయలేదు గానీ పసిగడుతుంది. చిక్కల్లా ఏమిటంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, బయోస్ (మెషిన్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) మూడూ ఒప్పుకోవాలి. ఒక్కటి కాదన్నా ఆ 8 బిట్లు వృథా, లేదా మెషిన్ అసలు బూటే కాదు. అందుకే ఇది ఎక్కువగా వర్క్‌స్టేషన్ తరగతి ల్యాప్‌టాప్‌లలోనే కనిపిస్తుంది. లినక్స్‌లో ఈడీఏసీ (మెమరీ తప్పుల్ని లెక్కపెట్టే) డ్రైవర్ లోడై, సరిచేసిన తప్పుల లెక్క చూపిస్తే ఈసీసీ నిజంగా పనిచేస్తున్నట్టు.

"డీడీఆర్5లో ఈసీసీ ఎలాగూ ఉందిగా" అనే మాట నమ్మకండి. అది చిప్ లోపలి సర్దుబాటు మాత్రమే. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వెళ్లే దారిలో జరిగే తప్పుల్ని అది చూడదు.

మామూలు ర్యామ్‌తోనే ఉంటే మెమ్‌టెస్ట్86+ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) రాత్రంతా నడపండి, కనీసం 4 పాస్‌లు. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి, స్లాట్ మార్చి చూడండి. ఎర్రర్ స్టిక్‌ వెంట వెళ్తే స్టిక్‌దే, స్లాట్‌ దగ్గరే ఆగితే బోర్డుది. బోర్డుకి సోల్డర్ చేసిన ర్యామ్ అయితే లినక్స్‌లో మెమ్‌మ్యాప్ బూట్ ఆప్షన్‌తో ఆ చెడ్డ అడ్రసుల్ని పక్కన పెట్టించవచ్చు. అతుకుల బొంత వైద్యమే, కానీ పనిచేస్తుంది.