ఎల్క్‌మాంట్‌లో ఏటి ఒడ్డున రెండు రాత్రులు

అట్లాంటా నుంచి టెనెసీ వైపు స్మోకీ కొండలకు వెళ్లే మనవాళ్లు చాలామంది, పక్కనే ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊళ్లో క్యాబిన్ (అద్దెకిచ్చే చెక్క ఇల్లు) తీసుకుంటారు. మేమూ మూడుసార్లు అలాగే వెళ్లొచ్చాం. ఈ అక్టోబరులో మాత్రం గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు లోపలే, ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేశాం. రాజమండ్రి నుంచి వచ్చిన నాన్నగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు. సైటుకు ఆరుగురి దాకా ఉండొచ్చు, ఒకటి సరిపోయింది.

రాత్రికి 30 డాలర్లు. బుకింగ్ ఆరు నెలల ముందు తెరుస్తారు, ఆకులు రంగు మారే రోజులకు ఆ పొద్దుటే కూర్చోవాలి. సైట్లు రెండు వందలకు పైనే ఉన్నా నీళ్లను ఆనుకుని ఉన్నవి కొన్నే. మ్యాపు దగ్గర పెట్టుకుని అవే వెతకండి, అక్కడ రాజీపడొద్దు.

పేరు లిటిల్ రివరే గానీ, అది మన కొండవాగు. గుమ్మడికాయలంత నున్నటి బండలు, వాటి సందుల్లోంచి తెల్లగా విరుచుకుపడే నీళ్లు, పక్కన గుంటలో అడుగున ఒక్కో ఆకూ లెక్కపెట్టేంత తేట. నాన్నగారు పంచె పైకి మడిచి, కాళ్లు నీళ్లలో పెట్టి, చల్లదనానికి ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. కాసేపటికి, "మారేడుమిల్లిలో పాములేరు కూడా ఇలాగే మోగుతుందిరా" అన్నారు. రాత్రి ఆ హోరులో పక్క టెంట్ల మాటలేవీ మాకు వినపడలేదు. క్యాబిన్‌లో ఎన్ని వందలు పోసినా ఈ నిద్ర రాలేదు.

ఒక్క రాత్రి మాత్రం పాడైంది. టెంటు అద్దెకు తెచ్చాం, పైన కప్పే వాన గుడ్డ సంచిలో లేదు. రెండు గంటలకు తుప్పర మొదలైతే పిల్లల్ని దుప్పట్లతో సహా కారులోకి మార్చాం. దుకాణంవాళ్లు ఫోనులో క్షమాపణైనా చెప్పలేదు, అది చాలా బాధ కలిగించింది. అద్దె టెంటును ఇంటి దగ్గరే ఒకసారి పూర్తిగా విప్పి చూసుకోండి.

వంట దగ్గర జాగ్రత్త. ఈ పార్కులో సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లున్నాయి. మన పులిహోర, ఆవకాయ వాసన ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. తిన్న వెంటనే సీసాలు, కంచాలు, చెత్త, చివరికి టూత్‌పేస్టు కూడా కారులో పెట్టి తాళం వేయాలి. బల్ల మీద పాలగిన్నె మర్చిపోతే తిరిగి చూసుకునే రేంజరు ఆగి, ఎందుకు తీయాలో పిల్లలకు ఓపిగ్గా చెప్పారు. మనుషుల తిండికి అలవాటుపడితే చివరికి ప్రాణం పోయేది ఎలుగుకే. కట్టెలూ ఇంటి నుంచి తేకూడదు, వాటితో పురుగులు అడవికి చేరతాయి. వేడితో శుద్ధి చేసి ముద్ర వేసిన కట్టలే కొనాలి, లోపలి చిన్న కొట్టులో దొరుకుతాయి.

స్నానాల గదులు లేవు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, నీళ్లు చన్నీళ్లే. నాన్నగారికి పొద్దున్నే తలారా స్నానం లేకపోతే తోచదు. స్టవ్ మీద కాచిన గిన్నెడు నీళ్లతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మడత మంచం తప్పనిసరి. అదీ కుదరకపోతే వాళ్లను క్యాబిన్‌లో ఉంచి పగలు తీసుకురండి.

శీతాకాలంలో ఇది మూసేస్తారు, అప్పుడు ఇదే పార్కులోని కేడ్స్ కోవ్ క్యాంప్‌గ్రౌండ్ తెరిచే ఉంటుంది. జింకల్ని చూడాలంటే అదే మేలు, వాగు కోసమైతే ఎల్క్‌మాంటే.

లిటిల్ రివర్ ట్రెయిల్ ఒకప్పుడు కలప మోసిన రైలు దారి, అందుకే ఎత్తుపల్లాలు తక్కువ. డెబ్బై దాటిన నాన్నగారు రెండు మైళ్లు నడిచారు. దారి పక్కన ఇల్లు పోయి పొగగొట్టం ఒక్కటే మిగిలిన చోట ఆగి, రాళ్ల మీద నాచును చేత్తో తడిమారు. మే చివర్లో ఇక్కడ మిణుగురులు ఒకే లయలో వెలిగి ఆరతాయని చెబితే, వెనక్కి వెళ్లే టికెట్ జూన్‌కు మార్చమన్నారు.