ఒకే పాట, రెండు బృందాలు: ఏ ‘వైట్ రాబిట్’ వినాలి?

1965లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన గ్రేట్ సొసైటీ రాక్ బృందం ఏడాది తిరిగేసరికి చెదిరిపోయింది. దాని గాయని గ్రేస్ స్లిక్ 1966లో జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ అనే మరో రాక్ బృందంలో చేరింది. తాను రాసిన ‘వైట్ రాబిట్’ను, మరిది డార్బీ స్లిక్ రాసిన ‘సమ్‌బడీ టు లవ్’నూ వెంట తీసుకెళ్లింది. 1967లో ఆ రెండు పాటలూ అమెరికా టాప్ 10లో నిలిచాయి.

ఎయిర్‌ప్లేన్ ‘వైట్ రాబిట్’ రెండున్నర నిమిషాలే. బాస్ గిటారు, డ్రమ్ము కవాతులా మొదలై, గొంతు మెట్టుమెట్టుగా పైకెక్కి, శిఖరం మీదే ఆగిపోతుంది. ఒక్క స్వరం కూడా వృథా కాదు.

గ్రేట్ సొసైటీ మేట్రిక్స్ క్లబ్బులో వాయించినది సుమారు 6 నిమిషాలు. గ్రేస్ గొంతు వినబడేది చాలాసేపటికి. అంతవరకూ సన్నాయిని తలపించే గాలివాద్యం, గిటారు ఆలాపనలా తిరుగుతూనే ఉంటాయి. రాగం విని పెరిగిన మన చెవికి ఆ తీరు కొత్త కాదు. బృందం విడిపోయాక డార్బీ సంగీతం నేర్చుకోవడానికి భారతదేశానికే వచ్చాడు. రికార్డింగు అంత శుభ్రంగా లేదు, వాయిద్యాలు అక్కడక్కడా తడబడతాయి.

మొదటిసారి వినేవారికి ఎయిర్‌ప్లేన్ పాటే ఇస్తాను. నేను మాత్రం రాత్రిపూట దీపం ఆర్పి గ్రేట్ సొసైటీనే పెట్టుకుంటాను.